పదమూడేళ్ళ పిల్ల నాతో చెప్పింది. ఇప్పుడు నేనేం చేయాలి?

పెన్నా తీరం

నమస్కారం. బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళు, ముఖ్యంగా చట్టం తెలిసినవాళ్ళు, దయచేసి త్వరగా జవాబివ్వండి.

మా ఇంట్లో వంట చేసే ఆమెది రాయలసీమలో ఒక పల్లె. వానలు లేక భార్యాభర్తలు ఇక్కడికి వచ్చి, ఒక వఠారంలో ఒంటిగది అద్దెకు తీసుకున్నారు. ఆయన కట్టడాల పనికి వెళ్తాడు. పదమూడేళ్ళ కూతురు బడి వదిలాక మా ఇంటికి వచ్చి, తల్లి పని ముగిసేదాకా వంటగది గడప దగ్గర కూర్చుని చదువుకుంటుంది. లెక్కల్లో చురుకైన పిల్ల. కొంతకాలంగా పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ ఉండిపోతోంది. చెవుల్లో కొత్త ఇయర్‌ఫోన్లు. ఎవరిచ్చారమ్మా అంటే మాట్లాడలేదు. తల్లి కూరగాయలకు వెళ్ళినప్పుడు తనే చెప్పింది.

వఠారంలో అద్దెలు వసూలు చేసే మనిషి ఇచ్చాడట. తండ్రికి పని దొరకని నెలల్లో అద్దె ఆగినా అతను గొడవ చేయలేదు. బియ్యం ఇప్పించాడు. పాఠాలు చూసుకోమని పిల్లకు తన పాత ఫోను ఇచ్చాడు. ఇంటిల్లిపాదీ అతన్ని దేవుడిలా చూశారు. తరవాత రీఛార్జి చేయిస్తానని తన గదికి పిలిచాడు. ఒంటిమీద చేతులు వేశాడు. ఫొటోలు తీశాడు. ఎవరికైనా చెబితే వాటిని అందరికీ పంపుతానని, సామాను వీధిలో పడేయిస్తానని బెదిరించాడు. "ఆంటీ, గది ఖాళీ చేయాల్సి వస్తే అమ్మ ఎక్కడికి పోతుంది?" అని నన్నడిగింది ఆ పిల్ల.

తల్లికి చెప్పాను. నేలమీద కూలబడి ఏడ్చింది. "పెళ్ళి కావాల్సిన పిల్లమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పొద్దు" అంటోంది. పరాయివాళ్ళ సంసారంలో వేలు పెట్టవద్దని మావారు అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. చెప్పాలా, వద్దా? చెబితే ఎవరికి?

నిర్వాహకుడు

పెన్నా తీరం గారూ, మీ సందేశంలోంచి పేట పేరు, బడి పేరు తొలగించాను. బాధిత బాలల పేరు, చిరునామా, బడి, ఇరుగుపొరుగు, కుటుంబ వివరాలు, వాళ్ళను గుర్తుపట్టేలా చేసేది ఏదీ బయట పెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మిగతా సభ్యులు కూడా ఆ వివరాలు అడగవద్దు, ఊహించి రాయవద్దు.

నల్లకోటు

చెప్పి తీరాలి. ఇందులో మీ ఇష్టానికి గానీ, మీ వారి ఇష్టానికి గానీ చోటు లేదు.

బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012లో చేసిన పోక్సో చట్టం ఆ ఏడాది నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండని ప్రతి ఒక్కరూ, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, దాని రక్షణలో ఉంటారు. నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా, జరగవచ్చని భయపడుతున్న వారెవరైనా పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ ఆదేశం. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బడి, హాస్టలు వంటి సంస్థల అధిపతులు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది వరకు పడుతుంది. ఇన్నాళ్ళు మౌనంగా ఉన్నందుకు పిల్లను మాత్రం ఈ సెక్షన్ ఏమీ అనదు.

మీరు రుజువులు సేకరించనక్కర్లేదు. నిజమో కాదో తేల్చడం పోలీసుల పని. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నడవదని అదే 19వ సెక్షన్‌లో రాసి ఉంది. 1098కి ఫోను చేయండి, అది పిల్లల సహాయవాణి. ప్రమాదం వెంటనే ఉందనిపిస్తే 112. నేరుగా దగ్గరి పోలీసు స్టేషన్‌కైనా వెళ్ళవచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి ఇందులో ఒకటి కంటే ఎక్కువ నేరాలున్నాయి. ఒంటిమీద చేతులు వేయడం ఒకటి. పిల్లను అలాంటి ఫొటోలకు వాడుకోవడం మరొకటి, దానికి కనీసం ఐదేళ్ళ శిక్ష. ఆ ఫొటోలు చూపి బెదిరించడం ఇంకొకటి.

హొసూరు రోడ్డు

వకీలుగారూ, చట్టం మీరు చెప్పినట్టే ఉందనుకుందాం. రాసి ఉన్నది వేరు, స్టేషన్ మెట్లెక్కాక జరిగేది వేరు. ఆ తల్లికి కన్నడం సరిగా రాదు. వాళ్ళకు ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. పిల్లను నలుగురిలో నిలబెట్టి అడిగిందే పది సార్లు అడిగితే ఆ పిల్ల ఏమైపోవాలి? కోర్టులో ఏళ్ళు గడిచేసరికి తండ్రి విసిగి ఊరికి తిరిగి వెళ్ళిపోతాడు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. వాడు శిక్ష తప్పించుకోవాలని నేను కోరుకోవడం లేదు. గది మార్పించి, పిల్లను దూరంగా పెడితే చాలదా అని అడుగుతున్నాను.

నల్లకోటు

మీ భయం సహజమైనది, అందుకే ఒక్కొక్కటిగా చెబుతాను.

పిల్లను స్టేషన్‌కు తీసుకువెళ్ళనక్కర్లేదు. 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, మామూలుగా ఉండే చోటో, తాను కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. నిందితుడు పిల్ల ఎదుటపడకుండా చూడాలి. ఎట్టి పరిస్థితిలోనూ రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. తల్లిదండ్రులో, తను నమ్మిన మరొకరో పక్కన ఉండగానే మాట్లాడాలి.

భాష విషయం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. పిల్లకు అర్థంకాని భాషలో రాసుకుంటుంటే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి. అది దయ కాదు, 19వ సెక్షన్‌లోనే ఉన్న హక్కు. తెలుగులో చెప్పింది తెలుగులో విని రాసే మనిషి కావాలని గట్టిగా అడగండి. సగం సగం తెలుగు వచ్చిన కానిస్టేబుల్‌తో సరిపెట్టుకోవద్దు, ఒక్క మాట తేడా పడినా రేపు అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు.

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయాలి. కేసు సాగినంతకాలం కుటుంబానికి తోడుండేందుకు కమిటీ ఒక సహాయక వ్యక్తిని నియమించవచ్చు. కోర్టులో పిల్ల నిందితుణ్ణి చూడాల్సిన పని లేకుండా తెర అడ్డు పెడతారు, లేదా వీడియో ద్వారా సాక్ష్యం తీసుకుంటారు. దబాయించే ప్రశ్నలు, శీలాన్ని కించపరిచే ప్రశ్నలు న్యాయమూర్తి అనుమతించకూడదు.

విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలని 35వ సెక్షన్ అంటుంది. చాలా కేసుల్లో అంతకంటే ఎక్కువే పడుతోంది, ఆ మాట దాచను. కానీ గది మార్చి ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఫొటోలు వాడి దగ్గరే ఉంటాయి. ఆ గదిలోకి రేపు మరో కూలి కుటుంబం దిగుతుంది.

పాత బెంగళూరు

నలభై ఏళ్ళ పైచిలుకు ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. పరాయి మగవాడు ఫోను ఇస్తే పిల్ల ఎందుకు తీసుకోవాలి? ఇంట్లో వాళ్ళు అడగవద్దా? మా రోజుల్లో ఇలాంటివి ఇంటి పెంపకంలోనే ఆగిపోయేవి.

వెన్నెల

అయ్యగారూ, నేను పిల్లలతో పనిచేసే కౌన్సెలర్‌ను. మీ ప్రశ్ననే ఆ పిల్ల రాత్రంతా తనను తాను అడుగుకుంటూ ఉంటుంది. తప్పు తనదేనని నమ్మించడమే అతని పనిలో సగం.

ఇలాంటివాళ్ళు చీకట్లో మీద పడే అపరిచితులు కారు. ముందు ఇంటికి అవసరమేమిటో కనిపెడతారు. అద్దె బాకీ ఉందా, తండ్రి తాగుతాడా, తల్లి పొద్దుపోయాక వస్తుందా, పిల్లకు స్నేహితులు లేరా. ఆ లోటు పూడ్చేవాడిగా ఇంట్లోకి వస్తారు. పెద్దల నమ్మకం సంపాదించాకే పిల్ల దగ్గరికి చేరతారు. చిన్న చిన్న కానుకలు, ఆ తరవాత "ఇది మన ఇద్దరి మధ్యే" అనే చిన్న రహస్యం. రహస్యం దాచిన మరుక్షణం పిల్ల తానూ అందులో భాగమేననుకుంటుంది. చేయి వేయడం చివర్లో వస్తుంది. అప్పటికి నోరు విప్పే దారులన్నీ మూసేసి ఉంటాయి. ఇక్కడ ఆ మనిషి మొదట ఇచ్చింది పిల్లకు ఇయర్‌ఫోన్లు కాదు, తండ్రికి అద్దె గడువు. గమనించారా?

ఏ పిల్లలకు ప్రమాదం ఎక్కువ అని అడుగుతారు చాలామంది. పేదరికం, వలస, బడి మానేయడం, ఇంట్లో తగవులు, తల్లిదండ్రుల్లో ఒకరు లేకపోవడం ఇవన్నీ ఉన్నాయి. వైకల్యం ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే స్నానానికి, బట్టలకు ఇతరుల మీద ఆధారపడాలి, చెప్పినా నమ్మేవారు తక్కువ. కానీ పెద్ద పెద్ద ఫ్లాట్లలో ఉండే పిల్లలూ నా దగ్గరికి వస్తారు. వాళ్ళందరిలో నాకు కనిపించేది ఒకటే: ఎవరి మీదో ఆధారపడి ఉండటం, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేకపోవడం. పెద్దలు ఏం చెప్పినా చేయాలి, ఎదురు మాట్లాడకూడదు అని పెంచిన పిల్ల ఆ పెద్దమనిషికి కూడా ఎదురు చెప్పలేదు. పెంపకం గురించి అడిగారు కాబట్టి ఇది రాస్తున్నాను.

పెన్నా తీరం గారూ, పిల్లను మళ్ళీ మళ్ళీ అడగకండి. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎక్కడ అని మీరు ఆరా తీయవద్దు. ఆ ప్రశ్నలు అడగాల్సినవాళ్ళు ఒక్కసారి అడుగుతారు. మీరు చెప్పాల్సింది ఇంతే: "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. నీ తప్పేమీ లేదు. నాతో చెప్పి మంచి పని చేశావు." ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. ఎవరెవరికి చెప్పబోతున్నారో, ఎందుకో ముందుగా ఆమెకే చెప్పండి. తన చేయి దాటి జరిగినవాటి తరవాత, ఇకమీద జరిగేది తనకు తెలిసి జరగడం ఆ పిల్లకు చాలా అవసరం.

ఒకప్పటి పిల్లవాడు

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను మగవాణ్ణి. నా విషయంలో అది దగ్గరి బంధువు. నాన్నకు చెప్పబోయాను. "మగపిల్లవాడివి, ఏమిటా ఏడుపు" అన్నారు, అక్కడితో ఆ తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు నాకు ఒక కొడుకు. వాణ్ణి ఎవరైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే నా గుండె వేగం పెరుగుతుంది. మగపిల్లల సంగతి ఎవరూ మాట్లాడరు, మీరైనా మాట్లాడండి.

బడిపంతులు

తమ్ముడూ, నువ్వు ఒంటరివి కాదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలే. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, అది ఉమ్మడి రాష్ట్రమని గుర్తుంచుకోండి. మన ఇళ్ళలో పెంపకం ఈ సంగతులను ఆపేసిందని ఇక అనుకోలేం.

బడిలో నేను చూసే గుర్తులు రాస్తాను. ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం. ఒక మనిషి పేరు వినగానే బిగుసుకుపోవడం. ఇంటి గంట కొట్టాక కూడా బడి వదలకపోవడం. ఎక్కడివో చెప్పలేని కొత్త వస్తువులు. కడుపునొప్పి అని మాటిమాటికి అనడం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, వేరే కారణాలూ ఉండవచ్చు. పక్కన కూర్చుని మాట్లాడటానికి మాత్రం అది చాలిన కారణం.

నల్లకోటు

ఒకప్పటి పిల్లవాడు గారూ, పెద్దయ్యాక కూడా ఫిర్యాదు చేయవచ్చు. చిన్ననాడు జరిగిన లైంగిక నేరాన్ని చెప్పడానికి పోక్సో చట్టంలో కాలపరిమితి లేదని 2018లో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. 2012 నవంబరుకు ముందు జరిగినదైతే అప్పటి శిక్షాస్మృతి వర్తిస్తుంది. కేసు పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఆ బంధువు చుట్టూ ఇప్పుడు చిన్నపిల్లలు ఉంటే మాత్రం నాకు విడిగా సందేశం పంపండి.

కీబోర్డు

ఫొటోల సంగతి ఎవరూ ఇంకా పట్టించుకోలేదు, అది వెంటనే చూడాలి.

ఆ ఫోను పారేయవద్దు, రీసెట్ చేయవద్దు, అతనిచ్చినదే కాబట్టి తిరిగి ఇచ్చేయవద్దు. అందులోని సందేశాలు, అతని నంబరు, రీఛార్జి చేసిన వివరాలు, డబ్బు పంపి ఉంటే ఆ యూపీఐ ఐడీ అన్నీ సాక్ష్యమే. చెరిపేస్తే అతని పని సులువవుతుంది. ఫోను ఆఫ్ చేసి పోలీసులకే ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ఇంకొకటి చాలా ముఖ్యం. సాక్ష్యం అనుకుని పిల్ల ఫొటోలను మీ ఫోనులోకి తెచ్చుకోవద్దు, ఎవరికీ పంపవద్దు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో హెచ్చరికగా కూడా పెట్టవద్దు. పిల్లల అలాంటి చిత్రాలు పంచడం నేరం, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడమూ నేరం కావచ్చు. ఒంటరిగా చూసుకుంటే నేరం కాదని 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు అంటే, ఆ ఏడాది సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

చిత్రాలు బయటికి వెళ్ళాయనిపిస్తే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. మహిళలు, పిల్లలకు సంబంధించిన విభాగంలో పేరు చెప్పకుండా కూడా తెలియజేసే వీలుంది. పద్దెనిమిది నిండకముందు తీసిన చిత్రాల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది, అమెరికాలోని తప్పిపోయిన పిల్లల కేంద్రం నడుపుతుంది. చిత్రం మన ఫోను దాటి వెళ్ళదు. దాని నుంచి ఒక అంకెల ముద్ర మాత్రమే తయారై వెళ్తుంది, అందులో చేరిన వేదికలు ఆ ముద్రతో పోల్చి ఆ చిత్రాన్ని తొలగిస్తాయి. పెద్దవాళ్ళకైతే స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవ అదే పద్ధతిలో పనిచేస్తుంది.

ఆన్‌లైన్ ఆటల్లో పరిచయమై, ఫొటో పంపించుకుని, ఆ తరవాత డబ్బు గుంజే ముఠాలు మగపిల్లలనే ఎక్కువగా వేటాడుతున్నాయి. ఒక్క రూపాయి కూడా పంపవద్దు, పంపితే మళ్ళీ అడుగుతారు. ఇప్పటికే పంపి ఉంటే సైబర్ మోసాల సహాయవాణి 1930కి వెంటనే ఫోను చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు అంత ఎక్కువగా ఆపగలరు.

నర్సు అక్క

పిల్లను ఆసుపత్రికి తీసుకువెళ్ళారా? ఏం జరిగిందో పూర్తిగా మనకు తెలియదు కాబట్టి తీసుకువెళ్ళడం మేలు. ఎఫ్ఐఆర్ కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా మొదటి చికిత్స ఉచితంగా చేయాలి. ఆడపిల్లను మహిళా వైద్యురాలే పరీక్షించాలి, తల్లి పక్కన ఉండవచ్చు. లైంగిక అనుభవం ఉందో లేదో చూడటానికని ఒకప్పుడు చేసే రెండు వేళ్ళ పరీక్షను ఇప్పుడు చేయకూడదు. చేసినవారిది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సినది ఒకటుంది. అత్యాచారం జరిగిన సందర్భంలో స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకురండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. పరువు గురించి ఇంట్లో పంచాయితీ చేసుకుంటూ ఆ మూడు రోజులు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. చాలా బాధగా ఉంటుంది.

కావేరి నీళ్ళు

రెండు సందేహాలు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఆంధ్రలో జరిగితే బెంగళూరులో ఫిర్యాదు తీసుకుంటారా? రెండోది, పదిహేడేళ్ళ అమ్మాయి, పంతొమ్మిదేళ్ళ అబ్బాయి ఇష్టపడితే అది కూడా ఇదే చట్టం కిందికి వస్తుందా?

నల్లకోటు

తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వాళ్ళు నమోదు చేసుకుని సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు. "మీ ఊరికి వెళ్ళి ఇవ్వండి" అని పంపేస్తే ఒప్పుకోకండి. ఇలాంటి నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికి కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద జైలు శిక్ష ఉంది.

రెండోదానికి జవాబు: వస్తుంది. పద్దెనిమిది నిండనివారి అంగీకారాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. ఇష్టపడి వెళ్ళిన జంటల మీద అమ్మాయి తరఫువాళ్ళు పెట్టే కేసులు కోర్టులను ఇబ్బంది పెడుతున్న మాట నిజం. ఆ వయసు తగ్గించవద్దని, 16 నుంచి 18 మధ్యవారి విషయంలో న్యాయమూర్తికి కొంత విచక్షణ ఇవ్వాలని లా కమిషన్ 2023లో తన 283వ నివేదికలో సూచించింది. చట్టం ఇప్పటికీ పద్దెనిమిదే. నా మటుకు, ఈ ప్రశ్నను పెన్నా తీరం గారి విషయంతో కలపకూడదు. పదమూడేళ్ళ పిల్లను బెదిరించిన నడివయసు మనిషి కేసు అది.

బొమ్మనహళ్ళి

నేను గార్మెంట్స్‌లో కుడతాను. మాది కుప్పం దగ్గర. నాలాంటి పెద్దవాళ్ళకు ఈ చట్టం పనికిరాదు కదా? లైను సూపర్‌వైజర్ ఓవర్‌టైమ్ రాయడానికి, సెలవు ఇవ్వడానికి ఏమేం అడుగుతాడో మా లైనులో ప్రతి ఆడమనిషికీ తెలుసు. అద్దె, పిల్లల ఫీజులు, ఊళ్ళో అప్పు ఇవన్నీ అతనికి తెలుసు. దుబాయిలో ఇంటిపని ఇప్పిస్తానని ఒక ఏజెంటు కూడా తిరుగుతున్నాడు, పాస్‌పోర్టు ముందే తన చేతికి ఇవ్వమంటున్నాడు.

నల్లకోటు

చెల్లమ్మా, మీకు వేరే చట్టం ఉంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో చేసిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పెంచుతారు. రాయడం రాకపోతే కమిటీయే సాయం చేయాలి. పెన్నా తీరం గారి ఇంట్లో వంట చేసే ఆమెలాంటి ఇంటిపనివాళ్ళకు, చిన్న చిన్న చోట్ల పనిచేసేవాళ్ళకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. కావాలనుకుంటే దీనితోపాటు పోలీసు కేసూ పెట్టవచ్చు.

ఆ ఏజెంటుకు పాస్‌పోర్టు ఇవ్వకండి. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి, ముందు ఆ నంబరు అడగండి. మోసంతోనో, బెదిరించో, ఆశపెట్టో మనిషిని దోపిడీ కోసం తరలిస్తే న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద మనుషుల అక్రమ రవాణా. "నీ ఇష్టంతోనే వచ్చావు కదా" అనే మాట ఆ సెక్షన్ ముందు చెల్లదు.

పెన్నా తీరం

మీ అందరికీ చెప్పాలని ఇప్పుడు రాస్తున్నాను.

వెన్నెల గారు చెప్పినట్టే ముందు పిల్లతో మాట్లాడాను. ఆమె అడిగింది ఒక్కటే, నాన్నకు ఎవరు చెబుతారని. నేను చెబుతానన్నాను. తల్లిని కూర్చోబెట్టి చట్టం గురించి చెప్పాను. ఇది నా ఇష్టం కాదని, చెప్పకపోతే నేనూ నేరం చేసినట్టేనని అన్నాక ఆమె ముఖంలో కొంత భారం దిగింది. నిర్ణయం తన నెత్తిమీద లేదని తెలియడం ఆమెకు ఊరటనిచ్చిందని నాకనిపించింది. మావారు కూడా ఆఖరికి మాతో వచ్చారు.

1098కి ఫోను చేశాం. వాంగ్మూలం మా ఇంట్లోనే తీసుకున్నారు. మామూలు చుడీదార్‌లో ఒక మహిళా ఎస్ఐ వచ్చారు. మొదట వచ్చిన అనువాదకురాలి తెలుగు పిల్లకు అర్థం కాలేదు, మరొకరు కావాలని అడిగాను. కొంచెం విసుక్కున్నారు, అయినా పిలిపించారు. రాసుకున్నదంతా చివర్లో చదివి వినిపించారు. నల్ల ఇయర్‌ఫోన్లు అని రాసిన చోట పిల్ల ఆపి, "నల్లవి కాదు, నీలంవి" అంది. ఎస్ఐ కొట్టేసి, నీలం అని రాసి, మళ్ళీ చదివారు. అంతవరకు తల వంచుకుని ఉన్న పిల్ల ఆ తరవాత తలెత్తి మరో రెండు చోట్ల సరిచేసింది.

అతనిమీద కేసు నమోదైంది. ఫోను తీసుకుని రసీదు ఇచ్చారు. అతని ఇంటివాళ్ళు మాత్రం గది ఖాళీ చేయమని, ఇచ్చిన అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వబోమని తండ్రితో అన్నారట. కేసు వెనక్కి తీసుకుంటే ఆలోచిస్తామని కూడా అన్నారట. ప్రస్తుతం ముగ్గురూ మా ఇంట్లోనే ఉన్నారు.

హొసూరు రోడ్డు

అమ్మా, నా అభిప్రాయం మార్చుకున్నాను. మా వీధిలో ఒక గది ఖాళీగా ఉంది, యజమాని నాకు తెలిసినవాడే. అడ్వాన్సు నేను సర్దుతాను. ఇక్కడే అందరం తలా కొంత వేసుకుంటే?

నిర్వాహకుడు

ఇక్కడ చందాలు వద్దండీ, కుటుంబం ఎవరో తెలిసిపోతుంది. మీ ఇద్దరికీ విడిగా మాట్లాడుకునే వీలు కల్పించాను.

నల్లకోటు

కేసు వెనక్కి తీసుకోమని వాళ్ళన్న మాటను వెంటనే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, సాక్షులను బెదిరించడం విడిగా నేరం. తేదీ, సమయం, ఎవరెవరి ముందు అన్నారో రాయండి. పోక్సో కేసును తల్లిదండ్రులు రాజీ చేసుకుని మూసేయలేరు, ఆ సంగతి తండ్రికి చెప్పండి. తనమీద ఒత్తిడి తెచ్చి లాభం లేదని అవతలివాళ్ళకు అతనే చెప్పగలుగుతాడు.

డబ్బు గురించి: 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం తిండి, బట్టలు, రవాణా వంటి అత్యవసరాలకు బాలల సంక్షేమ కమిటీ తక్షణ సాయం సిఫారసు చేయవచ్చు. ప్రత్యేక న్యాయస్థానం మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు, అందుకు తీర్పు దాకా ఆగనక్కర్లేదు. ఉచిత వకీలు కుటుంబ హక్కు, 15100కి ఫోను చేస్తే న్యాయసేవల సంస్థ చూస్తుంది. కమిటీ ముందుకు ఎప్పుడు వెళ్తున్నారు?

పెన్నా తీరం

మంగళవారం. సహాయక వ్యక్తిగా తెలుగు వచ్చిన ఆమెనే నియమించమని అడుగుతూ తల్లి పేరుమీద అర్జీ రాస్తున్నాను. తక్షణ సాయం సంగతీ అందులోనే చేరుస్తాను. రాసింది మీకు విడిగా పంపుతాను, ఒకసారి చూసి పెట్టండి.